రాకాసి లోపలే ఉన్నాది

మళ్ళీ ఆ రాకాసిని తెమ్మంటే ఎక్కడ్నించి తెచ్చీది అనూరాధా? పొమ్మన్నదానివి నువ్వే కాద. ఫోన్ సేసి మరీ పొమ్మన్నావు. ఇప్పుడొచ్చి కౌంటరు కాడ నిలబడి, అత్తయ్యా మళ్ళీ ఆ కత ఎయ్యించండి అంటే నానేటి సేసీది సెప్పు.

నీ మీద కోపం కాదులే. కూకో. ఆ వైరు సుట్టలు పక్కకి జరిపీసి కూకో. మీ మావయ్య భోంచేసి పడుకున్నాడు. ఈ ఎండలో బల్బుల కోసం ఎవులూ రారు. కోపం తెచ్చుకోడానిక్కూడా ఓపిక లేదమ్మా నాకు.

ఏటన్నావు? సాయికిరణ్ ఇప్పటికీ మీ నడింగదిలోకి ఎల్లడం లేదా? వానాకాలం పోనాది, సలికాలం పోనాది. నాను ఆ సంగతే మర్సిపోనాను. నాలుగేళ్ళ గుంటడు, ఓ వారం భయపడతాడు, తరవాత ఆడే మర్సిపోతాడు అనుకున్నాను. తాయెత్తు కట్టించినావా? శ్రీకాకుళం డాక్టరుకి కూడా సూపించినావా? మరి నాకు ముందే సెప్పొచ్చు కాద తల్లీ.

నువ్వడిగితే ఏటన్నాడంట? మళ్ళీ సెప్పు.

"రాకాసి లోపలే ఉన్నాది కద, బయటికొచ్చినట్టు కతలమామ్మ సెప్పలేదు కద" అన్నాడా.

ఒక్క నిమిషం ఉండు. మంచినీళ్ళు తాగనీ.

నిజమే, సెప్పలేదు. మా అత్త ఎలగ సెప్తాది? మర్నాడు కుందేలు కత సెప్పించినాం కాద. కుందేలు తోటకూర పండించుకున్న కత. అందులో భయం లేదు, ఏడుపు లేదు, కతా లేదు.

నువ్వు ఈ ఊరొచ్చి ఎన్నాళ్ళయిందని. బొబ్బిలి నుంచి కాపురానికొచ్చినావు, సంకలో పిల్లణ్ణి వేసుకొని తిరిగీదానివి. అంతకు ముందు సంగతి నీకు తెలీదు. మా ఆమదాలవలసలో ఈ కార్టూను బొమ్మల ఛానళ్ళ గొడవ ఎలాంటిదో నాకు తెలుసు, ఈ ఫోనుకి తెలుసు.

కేబుల్ మాదే కాద. మీ మావయ్యకి ఫ్యాన్లూ ఇస్తరి పెట్టెలూ అమ్ముకొని ఊరుకుంటే సరిపోయీది. మేడ మీద డిష్షులు పెట్టించినాడు. లైను తెగితే కుర్రోల్లని పంపీది ఆయన, ఫోను ఎత్తీది నాను. లైను తెగిపోనాదని ఫోన్ సేసీవోల్లు తక్కువ. బొమ్మల గురించే సేసీవోరు, అందరూ ఆడోల్లే.

సాయంత్రం ఆరయ్యిందంటే బొమ్మలు కట్టీండి పద్మకుమారిగారూ, మావోడు పుస్తకం ముట్టడం లేదు అని ఒకావిడ. ఆరింటికి కట్టీకండి బాబూ, బొమ్మలు లేపోతే మా పిల్ల ముద్ద మింగదు అని ఇంకొకావిడ. ఒకల ఇంట్లో గుంటడికి తెలుగు మాటే పోనాది, అన్నం పెట్టనా అంటే హిందీలో ఏదో అంటాడు, ఆల్ల నానమ్మ ఒడిలో కూకోబెట్టుకొని ఏడుపు. ఇంకొకడు సెల్లి నెత్తి మీద అట్లకాడతో కొట్టినాడు. ఎందుకురా అంటే నక్షత్రాలు తిరుగుతాయని సూసినానన్నాడంట. తిరగలేదని మళ్ళీ కొట్టినాడంట.

నవ్వకు. ఆ పిల్లకి కుట్లు పడ్డాయి.

నాను ఎవులికీ కాదని సెప్పలేదు. ఎలగ సెప్తాం? నువ్వూ షాపు ఇంటి పిల్లవే, నీకు తెలీదా? పుట్టిన కాడ్నించి మనకి నేర్పింది ఒకటే కాద, గుమ్మమెక్కినోల్లని లేదని పంపకూడదు. సరుకు అయిపోయినా అయిపోనాదనం. రేపొస్తాదండీ అంటాం. అడిగింది ఇవ్వలేపోతే అలాంటిదే ఇంకొకటి తీసి సూపిస్తాం. నోట్లోంచి కాదనే మాట రాదు మనకి. మా నాన్న అయితే అప్పడాల కొట్లో సబ్బు అడిగినా "ఉండండి, తెప్పిస్తాను" అనీవోడు.

అలాగే అందరికీ సరే అన్నాను. మీ మావయ్య ఆరింటికి మేడెక్కి బొమ్మల వైరు పీకడం, ఏడింటికి ఎక్కి పెట్టడం. పరీక్షలప్పుడు నెల్లాళ్ళు పీకీసి ఉంచడం. ఓ రోజు బొమ్మలది అనుకొని భక్తి ఛానల్ పీకీసినాడు. ముసలోల్లందరూ సేతికర్రలు పుచ్చుకొని మా మెట్ల కాడికి వచ్చీసినారు. ఏ దేవుడికి ఏ అపచారం జరిగిపోనాదో అని ఒకాయన మా గుమ్మంలోనే కూలబడిపోనాడు. మజ్జిగిచ్చి పంపినాం.

ఇలగ కాదు పిన్నీ, అన్నాడు ప్రదీప్. మా అక్క కొడుకు, పైన కంట్రోల్ రూములో ఉంటాడే, ఆడు. పీకడం, పెట్టడం ఎందుకు, మనమే మంచివి ఏద్దాం అన్నాడు. మన లోకల్ ఛానల్లో పెళ్ళి క్యాసెట్లు, బట్టల షాపుల ప్రకటనలు తప్ప ఏటున్నాది? సాయంత్రం ఐదింటికి మామ్మ సేత కతలు సెప్పిద్దాం, పిల్లలు మన భాష వింటారు, తల్లులు ఫోన్లు మానేస్తారు అన్నాడు.

మంచి ఆలోచనే. ఆ రోజు నాకూ మంచిదే అనిపించింది.

మా అత్త లక్ష్మీనరసమ్మ సంగతి నీకు సగమే తెలుసు. నువ్వు సూసింది టీవీలో మనిషిని. నాకు ఆవిడంటే ఏనాడూ ఇష్టం లేదమ్మా, నీ కాడ దాపరికం ఎందుకు. ఆ నోరు అలాంటిది. నాను నడిస్తే తప్పు, నవ్వితే తప్పు, తలుపు ఏస్తే శబ్దమయ్యిందని తప్పు. కొత్తల్లో పెరట్లో నూతి గిలక కాడ నిలబడి ఏడ్సుకునీదాన్ని. తరవాత ఏడుపు కూడా విసుగొచ్చీసి మానీసినాను.

గానీ కతకి కూకుంటే మాత్రం వేరే మనిషి. ఆ గొంతే మారిపోయీది. మా పెళ్ళయిన కొత్తలో కరెంటు పోతే సాలు, ఈది ఈదంతా మా అరుగు మీద ఉండీది. మెల్లిగా మొదలెట్టి, ఎక్కడో ఓ కాడ గొంతు దించీసీది. అందరూ ముందుకి వంగీవోరు.

మొదటిరోజు మేడ మీద ట్యూబులైటు పెట్టి, ఎనకాతల నా పట్టుసీర కట్టి, ముందర కుర్సీ ఏసినాం. ఆవిడ కూకున్నాది, కెమెరా సూసినాది, "పిల్లలేరీ?" అన్నాది. ఈ అద్దంలో ఉన్నారు మామ్మా, దీనికేసి సూసి సెప్పు అన్నాడు ప్రదీప్. "అద్దం ఊఁ కొడతాదేట్రా" అన్నాది. ఊఁ కొట్టీ మనిషి లేపోతే ఆవిడకి నోరు పెగల్దు. అందుకని కెమెరా కింద నన్ను కూకోబెట్టినారు. ఇంటోల్లందర్లోకీ ఆవిడ కతకి ఊఁ కొట్టవలసిన రాత నాకే పడ్డాది.

సరే, కొట్టినాను. నీకు టీవీలో వినబడీది కాద, ఎక్కడ్నించో ఓ "ఊఁ". అది నానే.

ఐదయ్యిందంటే ఈదుల్లో పిల్ల కనబడీది కాదు. నువ్వే సెప్పినావు, సాయికిరణ్ పాలగ్లాసు పట్టుకొని ముందే కూకునీవోడని. మా అత్త మూడింటి నుంచీ తయారు. మొహం కడుక్కొని, గంజిపెట్టిన సీర కట్టుకొని, ఇబూది పెట్టుకొని, ఆ తమలపాకుల డబ్బా పట్టుకొని మెట్లెక్కీది. కతలో తలుపు కొట్టాలన్నా గుర్రం నడవాలన్నా ఆ డబ్బా మూతే. బజారుకెల్తే కతలమామ్మా, కతలమామ్మా అని పిల్లలు సీర పట్టుకునీవోరు. స్టేషన్లో రైలు దిగినోల్లు కూడా, ఈవిడ మా సుట్టాలింట్లో టీవీలో కనబడతాది అని ఆగి సూసీవోరు.

ఆ నెలల్లో మా ఇంట్లో తగువు లేదమ్మా. నా మీద పడాల్సిన నోరు ఊరి పిల్లల మీదకి మళ్ళిపోనాది.

అప్పుడు ఎత్తుకున్నాది బంగారి కత.

నువ్వు విన్నావో లేదో, పొయ్యికాడ ఉండీదానివి. తల్లి సంతకెల్తా బంగారితో సెప్తాది, ఎవులొచ్చినా తలుపు తియ్యకు, దాహమని అడిగినోల్లకి మాత్రం కాదనకు అని. రాకాసి గాజులమ్మి ఏసం ఏసుకొని వస్తాది. గాజులు కావాలా అంటే వద్దంటాది బంగారి. సీరలు కావాలా అంటే వద్దంటాది. అప్పుడు దాహంగా ఉన్నాదమ్మా అంటాది రాకాసి. మంచి పిల్ల కాద, తలుపు తీస్తాది. అది లోపలికొచ్చి, నీళ్ళు తాగి, ఎండగా ఉన్నాది, కాసేపు నడుం వాలుస్తానని నడింగదిలోకి ఎల్తాది. ఎల్లి, లోపల్నించి గడియ పెడతాది. సెంబు పట్టుకొని బంగారి బయట నిలబడిపోతాది. గదిలో ఊయల్లో తమ్ముడు పడుకొని ఉంటాడు.

అక్కడ ఆపినాది. డబ్బా మూత మీద ఒక్క దెబ్బ కొట్టి, రేపు సెప్తానర్రా అన్నాది. రెండ్రోజుల కతలు ఆవిడకి అలవాటే, అరుగు మీదా అంతే.

ఆ సాయంత్రమే నీ ఫోను. మావోడు బాత్రూముకి కూడా ఒక్కడూ ఎల్లడం లేదు అత్తయ్యా, నడింగది అంటే కెవ్వుమంటన్నాడు, రేపు ఆ రాకాసి కత సెప్పించకండి అన్నావు. నువ్వు అడిగింది తప్పంటానా? ఏ తల్లయినా అదే అడుగుతాది. నాకూ పిల్లలున్నారు. కౌంటరు కాడ నలుగురున్నారు, ఒక సేత్తో ఫోను, ఒక సేత్తో స్విచ్చిల డబ్బా. సరేలేమ్మా అన్నాను. సరుకు నచ్చలేదంటే మార్సి ఇచ్చినట్టు.

మర్నాడు మా అత్తకి సెప్పినాను, రాకాసి వద్దంట, పిల్లలు భయపడతన్నారంట అని. ఆవిడ నన్నలా సూసినాది. "భయపడితేనే కాదటే నా కాడికొచ్చారు" అన్నాది. "ఈరోజుతో దాన్ని పంపీసీదాన్ని కద" అన్నాది. అయినా సరే, గిరాకీ మాట గిరాకీ మాటే అన్నాను నాను. మీ మావయ్యా అదే అన్నాడు. ఆవిడా షాపు ఇంటి ఆడదే. డబ్బా పట్టుకొని మెట్లెక్కినాది. కుందేలు, తోటకూర.

పిల్లడు రాకాసిని సూసి భయపడతన్నాడనే అందరం అనుకున్నాం. సగంలో ఒగ్గీసినామని ఎవులికీ తోచలేదు. నీకు తోచలేదు, నాకు తోచలేదు. ఆడికి ఒక్కడికే తెలుసు, అది ఇంకా లోపలే ఉన్నాదని. ఇన్నాళ్ళూ ఆ గది తలుపుకేసి సూస్తా, నువ్వు అందులోకి ఎల్లి బియ్యం తెస్తా ఉంటే, అమ్మ ఎలగెల్తన్నాదిరా దేవుడా అనుకొని ఉంటాడు పాపం.

ఏడవకు. నీ ఒక్కదాని తోటి అయిపోయింది కాదు.

ఫోన్ సేస్తే మారుస్తారంట అని ఊరంతా తెలిసిపోనాది. స్టేషను రోడ్డులో మిల్లు ఇంటావిడ సేసినాది. మీ నక్క టికెట్ లేకుండా అబద్ధాలాడి రైలెక్కీసినాది, పిల్లలకి ఇదేనా నేర్పడం అని. సరేనమ్మా అన్నాను. మర్నాడు నక్క టికెట్ కొనుక్కున్నాది, రైలెక్కినాది, దిగినాది. కత అయిపోనాది. ప్రదీప్ ఆ మిగిలిన టైముకి పెళ్ళి క్యాసెట్ ఏసినాడు.

తరవాత ఒకాయన స్వయంగా వచ్చినాడు. మెల్లగా, తల దించుకొని. రెండో పెళ్ళి సేసుకున్నాడు, ఆవిడ మంచిదే. సవితి తల్లి కత విన్న కాడ్నించి పిల్ల ఆవిడ సేతి ముద్ద తినడం లేదంట. అది న్యాయమే కాద. కాదని ఎలగంటాను? ఒంటికన్ను దొంగ వద్దన్నారు, మా పక్కింటాయనకి ఒక కన్ను లేదు, పిల్లలు ఏడిపిస్తన్నారు అన్నారు. అదీ న్యాయమే. పిసినారి శెట్టి వద్దని మనోల్లే వచ్చినారు, పెద్దలు, కాఫీ తాగి మరీ సెప్పినారు, మన ఛానల్లో మనల్నే ఎగతాళి సేసుకుంటామా అని. రాజుకి ఇద్దరు పెళ్ళాలు వద్దు, పిల్లలు ఎందుకని అడుగుతన్నారు. పులి సచ్చిపోవద్దు, మా పాప జ్వరం తెచ్చుకున్నాది. ఒక్కొక్కటీ తీసి సూస్తే ఎవులు అడిగిందీ తప్పు కాదమ్మా. అన్నీ కలిస్తేనే ఏటో అయిపోనాది.

అదే ఆ బొమ్మల్లో సూడు. పిల్లి మీద బండి ఎక్కుతాది, అప్పడంలా అయిపోతాది, మళ్ళీ లెగుస్తాది. తుపాకులు, మందుగుండు. దానికి ఎవులూ ఫోన్ సెయ్యలేదు, నువ్వూ సెయ్యలేదు. సేసినా బొంబాయిలో ఎత్తీవోడెవుడు? కట్టీమనడం తప్ప, కత మార్సమని ఎవులడుగుతారు? మా అత్తయితే మేడ దిగితే దొరికీది. దొరికినోల్లనే కాద మనం సరిసేసీది.

ఆవిడ మొదట్లో దాన్నీ ఆటగానే తీసుకున్నాది. ఈరోజు ఎవుల్ని తియ్యమన్నారే అని నవ్వతా అడిగీది. పులి సచ్చిపోవద్దంటే, పులి ఆల్ల పుట్టింటికి ఎల్లిపోనాదని సెప్పినాది. సవితి తల్లిని తీసీమంటే, ఆవిడ మహా మంచిది, పిల్లకి తలంటి, జడేసి, సున్నుండలు పెట్టినాది అని సెప్పి, ఆగి, నాకేసి సూసినాది. మరి ఆ పిల్ల ఇల్లొదిలి ఎందుకు ఎల్తాదే, అన్నట్టు. నాను ఊఁ అన్నాను. ఏటనాలో తెలీక ఊఁ అన్నాను.

తరవాత్తరవాత నవ్వడం మానీసినాది. మెట్లెక్కే ముందు కౌంటరు కాడ ఆగి, ఫోనుకేసి సూసి, అప్పుడు ఎక్కీది.

ఆ రోజు నువ్వు సూసినావా? సూడలేదా. ఊరంతా సూసినాది. సల్లగా వాన పడతన్నాది. ఆవిడ కూకున్నాది, డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాది. "అనగనగా ఒక ఊరు" అన్నాది. ఊఁ అన్నాను. "ఆ ఊళ్ళో ఒక" అని ఆగిపోనాది.

మళ్ళీ ఊఁ అన్నాను. ఏదో లెక్కేసుకుంటన్నట్టు పెదాలు కదుపుతన్నాది. ప్రదీప్ మైకు వైరు పోనాదనుకొని దాన్ని కదుపుతన్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి. వాన సప్పుడు వినబడతన్నాది. అప్పుడు నాకేసి తిరిగి, టీవీలో అందరూ సూస్తండగా, "ఈ ఊళ్ళో ఎవుల్ని ఉండనిత్తారే పద్మా?" అని అడిగినాది.

ఎగతాళి కాదమ్మా. నిజంగానే అడిగినాది. నువ్వు ఎవులుండొచ్చంటే ఆల్ల కతే సెప్తాను అన్నట్టు, సంటిపిల్ల అడిగినట్టు అడిగినాది.

నా నోట్లోంచి ఊఁ కూడా రాలేదు. ప్రదీప్ గబుక్కున ప్రకటనలు ఏసీసినాడు.

ఫోన్లు వచ్చినాయి. పెద్దావిడకి మతి పోనాదా, డాక్టరుకి సూపించండి అని. పిల్లలు నవ్వుకున్నారంట. నెల తిరక్కుండా మళ్ళీ పెళ్ళి క్యాసెట్లు ఏసుకున్నాం. కతలు ఎందుకాపీసినారని ఎవులూ అడగలేదు. పిల్లలు మళ్ళీ బొమ్మలకి ఎల్లిపోనారు, తల్లులు మళ్ళీ ఆరింటికి కట్టీమని ఫోన్లు మొదలెట్టినారు. రేపు సెట్ టాప్ బాక్సులు వస్తే అదీ మా సేతిలో ఉండదంట, ఎవులిష్టం ఆల్లది. మంచిదే, నాకు ఫోన్లు తప్పుతాయి.

రికార్డు లేదమ్మా. ఒక క్యాసెట్ మీదే మళ్ళీ మళ్ళీ తీసీవోడు ప్రదీప్. దాన్లో ఇప్పుడు ఎవులిదో ఓణీల ఫంక్షన్ ఉన్నాది.

నాకు తెలుసేమో అని కద నా కాడికొచ్చినావు. రోజూ కూకొని ఊఁ కొట్టినదాన్ని కాబట్టి. సెప్పడానికి సిగ్గుగా ఉన్నాది గానీ, నాకూ తెలీదు. కాపురానికొచ్చిన కాడ్నించి బంగారి కత ఎన్నిసార్లు విన్నానో. గడియ పెట్టీ దాకానే విన్నాను. అప్పట్లో అరుగు మీద రెండో రోజు కతకి ఎప్పుడూ కూకోలేదు. షాపులో ఎవులో ఒకలు పిలిసీవోరు, లెగిసి ఎల్లిపోయీదాన్ని. ఆ పిల్ల ఏం సేసినాదో, రాకాసి ఎలగ బయటికొచ్చిందో, తమ్ముడు బతికినాడో లేదో, నిజంగా నాకు తెలీదు. అరుగు మీద పిల్లలంతా సప్పట్లు కొట్టడం మాత్రం కౌంటరు కాడికి వినబడీది. ఏదో గట్టి పనే సేసుంటాది బంగారి.

అడక్కపోలేదు. నీకోసం కాదు, అప్పటికి నీ సంగతి నాకు తెలీదు కాద. నాకోసమే అడిగినాను. మొన్న శివరాత్రి ఎల్లిన తరవాత, మధ్యాన్నం కందిపప్పులో రాళ్ళు ఏరుతా కూకున్నాం ఇద్దరం. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నాది. టీవీలో బొమ్మలు నడస్తన్నాయి, సౌండు తీసీసి ఉంచుకుంటాది ఆవిడ, ఆ హిందీ అర్థం కాదు కాద. ఉట్టినే సూస్తా కూకుంటాది. నాకే తోసినాది. అత్తా, ఆ బంగారి తరవాత ఏం సేసినాది అన్నాను.

రాయొకటి ఏరి పక్కన పెట్టినాది. ఏ బంగారి అన్నాది. సెప్పినాను. అప్పుడు, "అది రాకాసి కాదే, గాజులమ్మి. మంచినీళ్ళు తాగి ఎల్లిపోనాది" అన్నాది.

అది కాదత్తా, అసలు కత సెప్పు అన్నాను. గడియ పెట్టుకున్నాది కద, మరి గడియ ఎలగ తీయించినాది అన్నాను. ఊఁ కొడతాను సెప్పు అన్నాను. ఏనాడూ ఆవిడ కాడ అంత బతిమాలుకోలేదు నాను.

ఏరుతున్న సెయ్యి ఆపినాది. షాపులోకి, ఫోను ఉండీ కాడికి సూసినాది. "ఎవులు ఫోన్ సేసినారు?" అన్నాది.

ఎవులూ సెయ్యలేదత్తా, నానే అడుగుతన్నాను అన్నాను. నమ్మలేదు. తల ఊపి, మళ్ళీ పప్పు ఏరుకున్నాది.

ఇప్పుడు సాయికిరణ్ణి తీసుకొచ్చి ఆవిడ ముందు కూకోబెడతానంటావు. కూకోబెట్టు, నాను కాదన్ను. గానీ గాజులమ్మి ఎల్లిపోనాదని సెప్తాది. ఆడు నమ్మడమ్మా. గడియ శబ్దం ఆడు సెవులారా విన్నాడు. ఆడి కంటే ఆవిడకే ఎక్కువ భయంగా ఉన్నాది ఇప్పుడు, నోరిప్పితే ఎవులికి దెబ్బ తగుల్తాదో అని.

నువ్వే ఏదో ఒకటి సెప్పుకో. నీ కొడుకు, నీ గది. అయితే బేగి గెంటీకు దాన్ని. సరే అది పోనాదిలే పడుకో అంటే ఒప్పుకోడు. బంగారి సేత ఏదైనా సేయించు. కాస్త భయపెట్టినా పరవాలేదు. ఎవులైనా ఫోన్ సేస్తారేమో అని మాత్రం సూడకు. నాకు రాదు తల్లీ, వస్తే సెప్పీదాన్ని. నాకు అమ్మడం వచ్చు, సరేననడం వచ్చు.

ఎల్తావా? ఎల్లు. ఎండ తగ్గినాది.

ఒక మాట, ఎవులికీ సెప్పకు. నీ కొడుకు ఇంకా నయం, లోపల రాకాసి ఉన్నాదని ఏడుస్తన్నాడు, ఇన్నాళ్ళకైనా నోరిప్పి సెప్పినాడు. మా అత్త నన్ను కూడా ఏటీ అనడం మానీసినాది. తలుపు గట్టిగా ఏసినా ఊరుకుంటాది. నాకు సుఖంగా ఉండాలి కాద? మొన్న కావాలనే పప్పులో ఉప్పు ఎయ్యలేదు. ఒక్క ఉప్పుకల్లు కూడా ఎయ్యలేదు. కంచంలో పెట్టి, గుమ్మం కాడ నిలబడ్డాను. ఇప్పుడంటాది, ఇప్పుడు తిడతాది, నా పుట్టింటోల్లని కూడా లాగుతాది అనుకుంటా నిలబడ్డాను. అంతా కలుపుకొని తినీసినాది. సెయ్యి కడుక్కొని, నాకేసి సూడకుండా, బాగున్నాది అన్నాది.